బయట అంటే ఎవరి ఇల్లు

మా వీధి ఊరికి పల్లం. ఎవరి ఇంటి మీద వాన కురిసినా ఆ నీళ్ళు చివరికి మమ్మల్ని పలకరించే పోతాయి. నేనూ నా భార్యా పల్లెటూరి నుంచి వచ్చి ఇక్కడ, వీధి చిట్టచివర, కాస్త నేల కొనుక్కున్నాం. చవగ్గా వచ్చిందని సంబరపడ్డాం. ఎందుకు చవకో మొదటి వానకు తెలిసింది.

నా పని నారు పెంచడం. టమాటా, వంగ, మిరప, కాబేజీ. ఇంటి వెనక మళ్ళు కట్టి విత్తనం చల్లుతాను. జానెడు ఎదిగాక రైతులు వచ్చి పట్టుకుపోతారు. నారుకు నీళ్ళు కావాలి గానీ నిలవ నీళ్ళు పనికిరావు. రాత్రంతా మడిలో నీళ్ళు నిలబడ్డాయా, తెల్లారేసరికి మొక్క మెడ వాల్చేస్తుంది. పీకి చూస్తే వేరు జిగటగా చేతికి అంటుకుంటుంది. ఆ తొలి ఏడాది రెండుసార్లు చల్లితే రెండుసార్లూ అలాగే పోయింది. మళ్ళీ చల్లాలా, సామాను సర్దుకుని మా ఊరు పోవాలా అని గడపలో కూర్చుని ఆలోచిస్తున్న రోజున మేడమ్‌గారు వచ్చారు.

వాన అప్పుడే వెలిసింది. వీధి మొదట్లో ఒక గుంపు కనబడింది. కాలేజీ పిల్లలు, ఆడా మగా, ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, తలలు వంచుకుని, నోరు మెదపకుండా నడిచి వస్తున్నారు. వాళ్ళ ముందు పొట్టిగా, బొద్దుగా ఒకావిడ. నేను శవయాత్ర అనుకుని లేచి నిలబడ్డాను. శవం మాత్రం కనబడలేదు. ఆవిడ ముందు నేల మీద నీలంగా ఒక నీటి పాయ పాక్కుంటూ వస్తోంది. అది మా గేటు కింద నుంచి దూరింది. ఆవిడ గేటు తీసుకుని దూరారు. పాయ స్నానాల గది పక్క నుంచి వెనక్కి తిరిగింది. గుంపంతా తిరిగింది. నా భార్య చేతిలో గరిటెతో బయటికొచ్చి, "ఎవరండీ మీరంతా? ఎవరు కావాలి?" అంది. ఎవరూ పలకలేదు. ఒక పిల్ల మాత్రం నవ్వి, నోటి మీద వేలు పెట్టుకుంది.

నీలం నీళ్ళు నా మళ్ళలోకి పోయి ఆగాయి. ఆవిడ చెయ్యెత్తారు. అంతే, అప్పటిదాకా బిగబట్టుకున్న గుంపు ఒక్కసారిగా సంతలా మారింది.

"క్షమించాలి," అన్నారు ఆవిడ నాతో. "ఇవి మా కాలేజీ నీళ్ళు. పైన మా డాబాల మీద పడ్డ వాన. ఇన్నేళ్ళూ ఎక్కడికి పోతోందో ఇవాళే కనుక్కున్నాం."

ఏమనాలో నాకు తోచలేదు. నా భార్యకు తోచింది. "నీళ్ళొస్తే వచ్చాయి గానీ, మీరొస్తున్నారని ఓ మాట చెప్పి ఉంటే కుర్చీలు వేసేవాళ్ళం కదండీ," అంది.

ఆవిడ నవ్విన నవ్వుకు పక్కింటి కుక్క మొరిగింది.

ఆవిడ కాలేజీలో జాగ్రఫీ చెప్పేవారు. పిల్లలు ఆ సబ్జెక్టును ఇష్టపడి తీసుకునేవారు కాదు, మరేదీ దొరక్క తీసుకునేవారు. కొత్తగా చేరినవాళ్ళను మొదటి రోజు ఆవిడ ఒకటే అడిగేవారు. కాలేజీ తోటకు నారు పోయడానికి వెళ్ళినప్పుడు కిటికీ అవతల నుంచి నేనే విన్నాను.

"మీ ఇంట్లో స్నానం చేసిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

"బయటికండి," అన్నాడు ముందు వరసలో ఒకడు.

"బయట అంటే ఎవరి ఇల్లు?"

వాడు తల గోక్కున్నాడు. పక్కవాడు నవ్వాడు. "నువ్వు చెప్పు బాబూ, మీ ఇంటి నీళ్ళు?" అని వాణ్ణి నిలబెట్టారు. వాడి నవ్వు వాడి దగ్గరే ఆగిపోయింది. అలా వరసగా అందర్నీ లేపి, చివరికి, "ఎవరికీ తెలియదు కదా. నాకూ తెలియదు. శనివారం పోయి చూద్దాం పదండి," అనేవారు.

ఆ శనివారం వెళ్ళినవాళ్ళు మళ్ళీ శనివారం వెళ్ళేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళకు శనివారం దండు అని పేరు పడింది. పలుగు, పార, తట్ట, బకెట్టు, బట్టలకు పెట్టే నీలిమందు పొట్లం. నీలిమందు ఎప్పుడూ మేడమ్‌గారి చేతిసంచిలోనే ఉండేది. ఎన్నిసార్లు కడిగినా వేళ్ళ చివర రంగు పోయేది కాదు. దిద్దిన పరీక్ష పేపర్ల మీద కూడా ఆ ముద్రలు ఉండేవట. నీలిమందు మేడమ్ అని వెనకాల అనేవారు. ఆవిడకు తెలుసు. "నల్లమందు మేడమ్ అనలేదు, సంతోషం," అనేవారు.

మా వీధి మొగలో రోడ్డు వారగా కాలవ తవ్వింది వాళ్ళే. వానాకాలం మొదలవకముందే పూర్తి చెయ్యాలని శనివారాలు చాలక ఆదివారాలు కూడా వచ్చారు. చేతులు బొబ్బలెక్కిన పిల్లలు మా ఇంట్లో చల్లటి నీళ్ళ కుండలో చేతులు ముంచి కూర్చునేవారు. ఆ ఏడు నా నారు నిలిచింది. సామాను సర్దే మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

మేడమ్‌గారి పద్ధతి ఒకటి చెప్పాలి. నీళ్ళ దగ్గర తగాదా వస్తే ఆవిడ ఎవరి మాటా వినేవారు కాదు. మా వీధి మంగలికీ, ఎదురింటి మెస్సు నడిపే ఆవిడకూ మధ్య మురుగు గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. నీ ఇంటి మురుగు అని ఆయన, నీ షాపు మురుగు అని ఆవిడ. ఇద్దరూ మేడమ్‌గారి దగ్గరకు పోయారు. ఆవిడ నీలిమందు కలిపిన నీళ్ళు ఇద్దరి చేతా పోయించి, "నీళ్ళు చెప్తాయి, మీరు చెప్పకండి," అన్నారు. నీళ్ళు ఆగేదాకా వెనకాలే నడవాలి. ఎవరూ నోరు తెరవకూడదు. తెరిస్తే మొదటికి వచ్చి, ఆ తెరిచినవాళ్ళే బకెట్లు మోసి మళ్ళీ పొయ్యాలి. మెస్సావిడ మొదటి మలుపులోనే మాట్లాడింది. రెండోసారి మంగలి మాట్లాడాడు. మూడోసారి ఇద్దరూ చెరొక బకెట్టు మోసి, రొప్పుతూ, మూతులు బిగించుకుని నడిచారు. నీళ్ళు ఇద్దరి ఇళ్ళకూ పోకుండా, ఇద్దరికీ తెలియని పగులులోంచి రోడ్డు కిందకు దూరాయి. ఆ తర్వాత కూడా వాళ్ళు పోట్లాడుకున్నారు, కానీ వేరే విషయాల మీద.

రిటైరయ్యాక కూడా ఆవిడ శనివారాలు మానలేదు. పోయిన చలికాలంలో కొద్ది రోజుల జ్వరంతో పోయారు. ఆవిడకు ఒక అక్కగారు ఉన్నారు, ఆస్పత్రిలో నర్సుగా చేసి విరమించినావిడ. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. పలకరించడానికి వెళ్తే అక్కగారు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వించారు. "చివరి రోజు కూడా ఊరుకుందా? సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సును పట్టుకుని, ఏమ్మా, ఈ వాష్‌బేసిన్ నీళ్ళు ఎక్కడికి పోతాయి అని అడిగింది. ఆ పిల్ల బయటికండీ అంది. ఇది లేచి కూర్చోబోయింది!"

ఇక అసలు సంగతి.

మేడమ్‌గారి జ్ఞాపకంగా ఏదైనా కట్టాలని పాత విద్యార్థులు ఒక కమిటీ వేసుకున్నారు. దానికి అధ్యక్షుడు సిమెంటు కొట్టాయన. మా వీధి మొగలో మూలమీద మేడ ఆయనదే. ఒకప్పుడు శనివారం దండులో పలుగు పట్టినవాడు. ఆయన భార్య కూడా ఆ దండులో పిల్లే. నీళ్ళ వెనకాల మాట్లాడకుండా నడుస్తూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పెళ్ళి దాకా వచ్చారని అందరూ ఆటపట్టించేవారు. మంచి మనిషి. ఏ పనైనా పెద్దగా చెయ్యాలంటాడు, అదొక్కటే.

ఆయన గీయించిన బొమ్మ ప్రకారం నడుం ఎత్తున గుండ్రటి దిమ్మె, దాని మీద మేడమ్‌గారి పేరు చెక్కిన నల్లరాయి, చుట్టూ ఇనప కటకటాలు. ఆవిడ తొలి పని చేసిన చోటే ఉండాలని మా వీధి మొగను ఎంచారు. సరిగ్గా కాలవ నోటి మీద.

సున్నంతో గుండ్రంగా గీత గీసిన రోజు సాయంత్రం నా భార్య అన్నం వడ్డిస్తూ మొదలుపెట్టింది.

"మేడమ్‌గారి పేరు చెప్పి మేడమ్‌గారి కాలవే పూడుస్తారా? వీళ్ళ తెలివి తెల్లారా!"

"కింద పైపు వేస్తారట," అన్నాను.

"పైపా! ఆకులూ చెత్తా వస్తే పైపు మింగుతుందా? నీళ్ళన్నీ ఎటొస్తాయి? మన మళ్ళలోకి కాదూ? ఈసారి ఎన్ని మళ్ళు పోశారు?"

లెక్క ఆవిడకూ తెలుసు. ఎన్నడూ లేనంత నారు ఈ ఏడే పోశాను. పక్క ఊళ్ళ రైతులు ముందే వచ్చి చెప్పిపోయారు. వానలు ఎంతో దూరంలో లేవు. ఈసారి నారు కుళ్ళిందంటే ఆ రైతులు మళ్ళీ నా గేటు తట్టరు.

నా భార్య తమ్ముడు దర్జీ. మా వీధిలోనే అతని మిషను. భోజనాల వేళకు సరిగ్గా వస్తాడు. కూర్చుంటూనే, "బావా, నువ్వెళ్ళి అడుగు," అన్నాడు.

"నువ్వడగరాదూ?" అన్నాను.

"నేనా? అధ్యక్షులవారి చొక్కాలన్నీ నా దగ్గరే కుట్టిస్తారు. అయినా మేడమ్‌గారి పేరు మీద కట్టేదాన్ని వద్దంటే ఊరేమంటుంది? అంత చేసిన మనిషికి పల్లపు వీధివాళ్ళు చోటు కూడా ఇవ్వలేదంటుంది."

"ఆ మాటే కదరా భయం," అంది నా భార్య. "కట్టొద్దంటే కృతఘ్నులం. కట్టమంటే నారు పోతుంది."

"అందుకే బావ వెళ్ళాలి. బావ ఏమన్నా తప్పుగా అన్నాడని ఎవరూ అనలేరు. అసలేమన్నా అంటే కదా!"

ఇద్దరూ నవ్వారు. నేను మజ్జిగ పోసుకున్నాను.

కమిటీ సమావేశం మధ్యాహ్నం కాలేజీ హాల్లో. బయల్దేరుతుంటే నా భార్య నా చొక్కా జేబులో ఏదో కుక్కింది. "నోరు పెగలకపోతే ఇది బల్ల మీద పెట్టి వచ్చెయ్యండి," అంది. తడిమి చూశాను. నీలిమందు పొట్లం.

హాలు నిండింది. కొత్త ప్రిన్సిపాల్‌గారు, అక్కగారు, కమిటీవాళ్ళు ముందు వరసలో. ఒక్కొక్కరూ లేచి మేడమ్‌గారి గురించి చెప్పారు. ఇంజనీరైనవాడు చెప్పాడు, టీచరైనావిడ చెప్పింది. బొబ్బలెక్కిన చేతులు చూపించి ఇంట్లో తిట్లు తిన్నానని ఒకాయన చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షులవారు బొమ్మ విప్పి చూపించి, "అభ్యంతరాలు ఏమైనా ఉన్నాయా?" అన్నారు, ఉండవని తెలిసినవాళ్ళు అడిగినట్టు.

నేను లేచాను. అందరూ నావైపు తిరిగారు. అంత మంచి మాటలు విన్నాక, వద్దు అనే మాట నోట్లోంచి ఎలా వస్తుంది? బల్ల దాకా నడిచి, జేబులోంచి పొట్లం తీసి ఆ బొమ్మ మీద పెట్టి, వచ్చి కూర్చున్నాను.

ప్రిన్సిపాల్‌గారు ఆ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమిటిది? బట్టలకు పెట్టేదా?" అన్నారు. పాత విద్యార్థులకు మాత్రం చెప్పాల్సిన అవసరం లేకపోయింది. వెనక వరసల్లో ఎవరో అప్పటికే ప్యాంటు మడుస్తున్నారు.

అధ్యక్షులవారు నా మొహం చూశారు, పొట్లం చూశారు. "నీళ్ళను అడగమంటావా?" అన్నారు.

తలూపాను.

"అడుగుదాం. నా లెక్క తప్పదు. పైపు కూడా వేసి చూపిస్తాను. అప్పుడు ఒప్పుకుంటావుగా?"

మళ్ళీ తలూపాను.

ఆయన పనిలో లోటు చెయ్యడు. తన కొట్లోంచి ఇసక బస్తాలు తెప్పించి సున్నం గీత మీద గుండ్రంగా పేర్పించాడు. అచ్చం దిమ్మెలాగే. కింద పైపు తోయించాడు. రోడ్డు మీద నీళ్ళ ట్యాంకు బండి నిలబెట్టించాడు. వీధి వీధంతా వచ్చింది. నా భార్య వచ్చింది, దర్జీ మెడలో టేపుతో వచ్చాడు, మంగలీ మెస్సావిడా ఎడంగా నిలబడ్డారు. నీలిమందు అక్కగారే కలిపారు.

నీళ్ళు వదిలారు. నీలం పాయ పైపులోకి పోయి, అవతల కాలవలో హాయిగా దిగింది. అధ్యక్షులవారు చేతులు కట్టుకుని నావైపు చూశారు. ఆ చూపులో మాటలు బోలెడున్నాయి, కానీ నోరు తెరవకూడదు కదా.

అప్పుడు అక్కగారు రోడ్డు పక్కన ఊడ్చి పెట్టిన చెత్తకుప్ప దగ్గరకు నడిచారు. తట్టెడు ఎత్తుకుని వచ్చి నీళ్ళలో గుమ్మరించారు. ఎండుటాకులు, కాగితాలు, తెగిన చెప్పు ఒకటి. వాన వస్తే అవి ఒంటరిగా ఉండవు కదా అన్నట్టు చేతులు దులుపుకున్నారు. చెప్పు వెళ్ళి పైపు నోటికి అడ్డంగా కూర్చుంది. దాని మీద ఆకులు సర్దుకున్నాయి. నీళ్ళు కాసేపు నిలబడ్డాయి, ఆలోచిస్తున్నట్టు.

నేను మా వీధి వైపు చూస్తున్నాను. నా భార్యా అటే చూస్తోంది. నీళ్ళు తిన్నగా వీధిలోకి దిగి, మా గేటులోంచి మళ్ళలోకి వస్తాయని మా ఇద్దరి లెక్క. కానీ నీళ్ళు ఇసక బస్తాలను చుట్టి, ఎవరూ అనుకోని వైపు, పక్కకు మళ్ళాయి. అధ్యక్షులవారి గేటు వైపు.

"అసలు మనం ఎక్కడికి..." అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

అందరూ ఆగి ఆయన్ను చూశారు. ఆయన చుట్టూ చూసి, "ఏమైంది?" అన్నారు. దర్జీ నోటి మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో రెండు బకెట్లు తెచ్చి ఆయన చేతికిచ్చాడు. ట్యాంకు దగ్గరి నుంచి ప్రిన్సిపాల్‌గారు బూట్లు తడుపుకుంటూ బకెట్లు మోసి పోశారు. పిల్లలు గోడలెక్కి చూశారు. రెండోసారి కూడా నీళ్ళు అటే పోయాయి.

గేటు కింద నుంచి దూరి, కొత్తగా పరిచిన తెల్ల బండల మీదుగా నీలం పాయ లోపలికి సాగింది. అధ్యక్షులవారు తన గేటు తానే తీశారు. వెనక మేమందరం. అధ్యక్షులవారి భార్య బట్టలు ఆరేస్తూ వెనక్కి తిరిగింది.

"ఏవండీ! ఇదేంటండీ, నిన్ననే తుడిపించాను!"

ఆయన రెండు చేతులూ జోడించి బతిమాలినట్టు చూశారు. ఆవిడ మమ్మల్ని చూసింది, చేతిలో బూట్లతో ఉన్న ప్రిన్సిపాల్‌గారిని చూసింది, నీళ్ళ రంగు చూసింది. ఆవిడ మొహం మారిపోయింది. చేతిలో తడి దుప్పటి తీగ మీద పడేసి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని వచ్చి మొగుడి పక్కన నడవసాగింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ నడక తెలిసిపోయింది. పాదం నీళ్ళలో పడకుండా, పాయ దారికి అడ్డం రాకుండా నడిచే నడక. మేడమ్‌గారు నేర్పింది.

ఆ పెరడు పొడుగు. వెనక్కి పోయి పోయి మా మళ్ళ గోడ దాకా ఉంటుంది. నీళ్ళు కారును చుట్టి, మెట్ల పక్కగా వెళ్ళి, వెనక రేకుల షెడ్డు తలుపు కిందకు దూరాయి.

అధ్యక్షులవారి కళ్ళు పెద్దవయ్యాయి. ఆ షెడ్డులో కొట్టుకు వచ్చిన కొత్త సిమెంటు బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆయన నోరు తెరిచారు. భార్య చప్పున చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన తలుపు తోసి, కింది వరస బస్తా ఒకటి లాగి, గుండెకు హత్తుకుని బయటికి తెచ్చారు. మళ్ళీ పోయారు. ఇంజనీరు పోయాడు, మంగలి పోయాడు, నేను పోయాను. ప్రిన్సిపాల్‌గారు బూట్లు గట్టున పెట్టి తానూ ఒక చివర పట్టుకున్నారు. తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా అంతమంది బస్తాలు మోస్తుంటే, పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఊగిపోతున్నారు. నవ్వినా మొదటికి రావాలేమో ఎవరికీ తెలియదు. ఆ సంగతి మేడమ్‌గారు ఎప్పుడూ చెప్పలేదు.

షెడ్డు దాటిన నీళ్ళు గోడ అడుగున తూములోంచి అవతలికి దిగాయి. అవతల మా మళ్ళు. మేమందరం గోడ మీదుగా తొంగి చూశాం. మొదటి మడిలో వంగ నారు మధ్యకు నీలం రంగు మెల్లగా పాకి, నిండి, ఆగింది. ఒక్క ట్యాంకు నీళ్ళు. వానైతే ఎంతో!

అక్కగారు చెయ్యెత్తారు.

"నా సిమెంటు!" అన్నారు అధ్యక్షులవారు.

"మా నారు!" అంది నా భార్య.

ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు నవ్వింది ఆయన భార్య. ఇక ఆ పెరట్లో ఎవరేమంటున్నారో ఎవరికీ వినబడలేదు.

"ఏమయ్యా," అన్నారు అధ్యక్షులవారు కాస్త తేరుకుని, గోడ అవతల నా మడిని చూస్తూ, "నీ నారు పోతుందని ముందే చెప్పొచ్చుగా? ఆ పొట్లం ఏంటి, ఆ తతంగం ఏంటి?"

"చెబితే వినేవారా?" అంది ఆయన భార్య.

ఆయన చొక్కాకు అంటిన సిమెంటు దులుపుకున్నారు. "వినేవాణ్ణి కాను," అన్నారు.

ఇసక బస్తాలు అప్పటికప్పుడే తీసేశారు. దిమ్మె మాట మళ్ళీ రాలేదు. నేను పరిగెత్తి మడికి గండి కొట్టి ఆ నీళ్ళు దింపేశాను. తూముకు అవతలి నుంచి అధ్యక్షులవారు తన చేత్తోనే సిమెంటు మెత్తారు. నారుకు ఏమీ కాలేదు, నాలుగు రోజులు ఆకుల అడుగున నీలం చారలు కనబడ్డాయంతే.

చిక్కంతా రాయితో వచ్చింది. దిమ్మె పోయినా రాయి చెక్కడం అయిపోయింది. నిలువెత్తు నల్లరాయి, మేడమ్‌గారి పేరుతో. ఎక్కడ పెట్టాలి? కాలేజీలో పెడదామన్నారు ప్రిన్సిపాల్‌గారు. మా వీధివాళ్ళు ఒప్పుకోలేదు. మొన్నటిదాకా వద్దన్నవాళ్ళం ఇప్పుడు మాకే కావాలన్నాం.

"వీధి మొగలో కాలవ దాటడానికి చెక్క వేసుకున్నారుగా, పుచ్చిపోయింది," అన్నారు అక్కగారు. "దాని బదులు ఈ రాయి అడ్డం వెయ్యండి."

అందరూ గతుక్కుమన్నారు. "పేరు తొక్కుకుంటూ నడవమంటారా అమ్మా?" అన్నాడు దర్జీ.

"పేరున్న వైపు కిందికి వెయ్యి."

"అప్పుడు ఎవరికి కనబడుతుందండీ?" అన్నారు అధ్యక్షులవారు.

"పూడిక తియ్యడానికి వంగినవాడికి కనబడుతుంది. మిగతావాళ్ళకు కనబడి ఏం చెయ్యాలి?"

రాయి మొయ్యడానికి పాత దండంతా వచ్చింది. పొట్టలు పెరిగినవాళ్ళు, బట్టతలలవాళ్ళు. అధ్యక్షులవారు కేకలు వేసి అందరి చేతా మోయించి, ఒక అంగుళం పక్కకు పడిందని మళ్ళీ ఎత్తించారు.

తొలి వాన ఒక తెల్లవారుజామున మొదలై పొద్దెక్కేదాకా ఆగకుండా కొట్టింది. నేను మళ్ళ దగ్గర నిలబడ్డాను. తల మీద పడే వాన తప్ప మరే నీళ్ళూ రాలేదు. మడి నానింది, నిలవలేదు. మిరప నారు నిటారుగా ఉంది. కాబేజీ ఆకు మీద చినుకులు పూసల్లా దొర్లుతున్నాయి. ఒక మొక్క పీకి వేరు చూశాను. తెల్లగా, గట్టిగా ఉంది. మళ్ళీ నాటాను.

వీధి మొగ నుంచి కేకలు వినబడి వెళ్ళాను. అధ్యక్షులవారు గొడుగు కూడా లేకుండా, రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కాలవలో చెయ్యి పెట్టి ఏదో లాగుతున్నారు.

"ఏమయ్యా దర్జీ! ఈ గుడ్డపేలికలన్నీ నీవేగా? కాలవలో పారేస్తావా?"

దర్జీ కొట్టు గుమ్మంలోంచి తొంగి చూశాడు. "నావి కాదండీ. ఆ పువ్వుల గుడ్డ నేనెవరికి కుట్టాను?"

ఆయన భార్య మేడ మీద నుంచి వంగి చూసింది. "మీ చొక్కాదే కదండీ! ఇప్పుడు ఒంటి మీద ఏది వేసుకున్నారో చూసుకోండి!"

ఆయన పేలిక చూశారు, తన చొక్కా చూశారు. వీధంతా పగలబడి నవ్వింది. మెస్సావిడ నవ్వింది, మంగలి నవ్వాడు, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా. దర్జీ మాత్రం, "చూశారా, మీ గుడ్డే," అన్నాడు గెలిచినట్టు.

"కుట్టింది నువ్వు కాదుట్రా!" అంది నా భార్య వాన చప్పుడు మించి.

అంతలో నా భుజం మీద ఎవరో తట్టారు. గోనె సంచి తల మీద ముసుగేసుకుని, బురద కాళ్ళతో, పక్క ఊరి రైతు. వెనక అతని బండి. ఈ వానకు దుక్కి తయారైందని చెప్పడానికి అతని మొహమే చాలు.

"నారు ఎలా ఉంది? చెడిపోలేదుగా?" అన్నాడు.

"రా," అన్నాను. "తియ్యడమే ఆలస్యం."